నాలుగో ఎత్తులో గుర్రం

చదరంగానికి కూర్చున్నాడంటే గోపాలసామి నాలుగో ఎత్తులో గుర్రాన్ని చంపించుకోవాల్సిందే. ఎదుటివాడి బంటును కొట్టి, మెడ చాపి నిలబడే గుర్రం అది. దాన్ని కొట్టడం చిన్నపిల్లలకైనా చేతనవుతుంది. అసలు గోల ఆ తర్వాతే. బంట్లను ఉసిగొల్పుతూ, తొడ చరుస్తూ, సగం మనిషి పలక మీదికి వచ్చేసేవాడు. రాజపాళయంలో ఆయనతో రెండోసారి ఆడినవాళ్లు తక్కువ. గెలిచినవాళ్లకూ తలనొప్పే మిగిలేది.

1941లో కృష్ణన్ భార్య కర్పగం పోయింది. పిల్లల్లేరు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు, చావింట్లో "పోయొస్తాం" అనకూడదు కనుక, మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత సాయంత్రమంటేనే కృష్ణన్‌కు భయం పట్టుకుంది. పన్నెండో రోజున పక్కవీధి గోపాలసామి చంకలో పలకతో దిగాడు.

"నాకు మనసు బాలేదు మామా."

"మనసుతో ఎవురు ఆడమన్నారు మాప్ళే? చేత్తో ఆడు."

నాలుగో ఎత్తు రానే వచ్చింది.

"చూసి పెట్టినావా మామా? గుర్రం పోతాది."

"పోనీ. నీ రాజు గతి చూసుకో."

చీకటి పడినా ఆట తెగలేదు. గోపాలసామి గుమ్మంలో నిలబడి, "రేపు వస్తా, కాయలు కదిలించబోకు!" అని వీధంతా వినేలా కేకేశాడు. ఎదురింటి ముత్తులక్ష్మి బుగ్గలు నొక్కుకుంది. "చావింట్లో వస్తానంటారా? ఈయనకు అంత కూడా తెలీదా!"

కృష్ణన్‌కు ఒళ్లు మండింది. అన్నం ముందు కూర్చున్నా ఆ మంత్రి ఎటునుంచి దూకుతుందోనన్న బెంగే. ఓడించి, ఇక రావద్దని చెప్పేద్దామనుకున్నాడు. ఎనిమిదిసార్లు ఓడించాడు కూడా. ఓడిన మర్నాడే ముసలాయన ఇంకో గుర్రాన్ని బలివ్వడానికి తయారు.

ఒకరోజు రాలేదు. దీపాలు పెట్టేదాకా చూసి, ఎదురుచూసినందుకు తననే తిట్టుకుంటూ కృష్ణన్ పక్కవీధికి వెళ్లాడు.

గోపాలసామి పలక ముందు ఒక్కడే ఉన్నాడు. తెల్లబంటు జరిపాడు. లేచి, చుట్టూ తిరిగి, అవతల కూర్చుని, గడ్డం గోక్కుని, నల్లబంటు జరిపాడు.

"ఏం మామా, ఒంటిగానా?"

"ఈరోజు ధనం తిథిరా." ధనం ఆయన భార్య, పోయి పన్నెండేళ్లు. "అప్పుడు నాతో ఆడేదానికి ఎవురూ రాలేదు. ఇటూ నేనే, అటూ నేనే. నిదానంగా ఆడితే మధ్యలో ధనం మాట్లాడతాది. గుర్రాన్ని పోగొట్టుకొని చూడు, ఊపిరి తీసుకొనేదానికి కూడా తీరికుండదు."

ఊళ్లో తానొక్కడే ఒంటరివాడని అనుకున్నాడు కృష్ణన్ ఇన్నాళ్లూ. తెల్లకాయల వైపు కూర్చుని అన్నీ సర్దాడు. మూడు ఎత్తులు బుద్ధిగా వేశాడు. నాలుగో ఎత్తులో గుర్రాన్ని తీసుకుపోయి బంటు మీద పెట్టాడు.

"ఒరే, అది నా ఆట కదరా!" అన్నాడు గోపాలసామి, ఇంట్లో దొంగ పడ్డట్టు.

"కొట్టు మామా. కొట్టి నీ రాజుని కాచుకో."

ఆ సాయంత్రం ధనానికి గానీ, కర్పగానికి గానీ, ఒక్క మాట మాట్లాడే సందు దొరకలేదు.