వియ్యంకుడు కలిపిన సెంటు

మా ఆవిడ ముక్కు మామూలు ముక్కు కాదు. ఎల్బీనగర్‌లో మా వంటింట్లో నిలబడి, హయత్‌నగర్‌లో ఎవరింట్లో పప్పు అడుగంటిందో చెప్పేస్తుంది. నమ్మకపోతే మా ఇంటికి రండి. దారిలో మిరపకాయ బజ్జీ తిన్నారా, గుమ్మంలోనే దొరికిపోతారు.

అలాంటి ముక్కుకి కిందటి ఎండాకాలం నేనొక సెంటు తెచ్చాను. చల్లుకున్న పాపానికి సాయంత్రందాకా తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది. ఈ ఏడు ఎండలు ముదరకముందే హెచ్చరించింది. ఆవిడది గుంటూరు వైపు, మాట నాన్చదు.

“ఈసారి కూడా తలనొప్పి తెచ్చారో, ఇక జన్మలో నాకోసం సెంటు కొనొద్దు.”

చీరలు, నగలు ఆవిడే ఎంచుకుంటుంది. పెళ్లయినప్పటి నుంచీ నేను సొంతంగా ఎంచి తెచ్చేది సెంటొక్కటే. ఇప్పుడు ఆ ముచ్చటకే ముప్పొచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో ఎన్నో సీసాలు మూత తీయించి, చివరికి రెండింటి దగ్గర ఆగాను. ఒకటి మల్లె, ఇంకోటి పారిజాతం. రెండూ తేలికే, ఏసీ చల్లదనంలో రెండూ బాగానే ఉన్నాయి. చెమట తగిలాక ఏది నిలుస్తుందో ఆవిడ ముక్కే తేల్చాలి. కుడి మణికట్టుకి మల్లె, ఎడమ మణికట్టుకి పారిజాతం కొట్టించుకున్నాను.

“ఇంట్ల చూపిచ్చి మల్లొస్త,” అన్నాను.

“జర రెండు చేతులు కలవనీయకు అన్నా,” అన్నాడు దుకాణదారు.

మెట్రోలో చేతులు ఎడంగా పెట్టుకుని, రెక్కలు ఆరబెట్టుకుంటున్న కొంగలా నిలబడ్డాను. ఎక్కడినుంచి వచ్చాయో గాని తేనెటీగలు, కుడి చెయ్యా ఎడమ చెయ్యా తేల్చుకోలేక ఎల్బీనగర్‌దాకా టికెట్ లేకుండా ప్రయాణం చేశాయి.

స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎదురుగా మా వియ్యంకుడు, అమ్మాయి మామగారు. వియ్యంకుడికి ఒంటిచేత్తో నమస్కారం పెట్టే ధైర్యం ఏ ఆడపిల్ల తండ్రికి ఉంటుంది? రెండు చేతులూ కలిశాయి. పైగా ఆయన వాటిని తన చేతుల్లోకి తీసుకుని, మాట్లాడినంతసేపూ నలిపాడు.

“ఏం బావా, గట్ల బిగుసుకపోయినవేంది?”

“ఏం లేదు బావా, ఎండ.”

ఇంటికొచ్చాక ఆవిడ నా కుడి చెయ్యి వాసన చూసింది. ఎడమ చెయ్యి చూసింది. మళ్లీ కుడి.

“రెండూ ఒకటే కదండీ! కానీ భలే ఉంది. తల కూడా బరువెక్కలేదు. సీసా ఏదీ?”

“గిది సీసాల దొరకది. ఎనకట గోల్కొండల ఒక బేగం కోసం చేసిండ్రట...”

“మొదలుపెట్టారూ!”

బేగం పల్లకీ ఎక్కేలోపే ఫోన్ మోగింది. వియ్యంకుడు. ఆయన గొంతు ఆవిడకీ వినపడుతోంది.

“బావా, నీ చేతులకు ఏం పూసుకున్నవ్? నాకు ఆడోళ్ల సెంటు యాడ అంటిందని మా ఇంట్లామె పరేషాన్ చేస్తున్నది. జర నువ్వే చెప్పు!”

మా ఆవిడ ఫోన్ లాక్కుని, నవ్వాపుకుంటూ వియ్యపురాలికి సర్దిచెప్పింది. ఏం జరిగిందో నా దగ్గర రాబట్టాక, సాయంత్రం నన్ను వెంటబెట్టుకెళ్లి రెండు సీసాలూ కొనిపించింది.

“వచ్చే ఎండాకాలం కూడా మీరే తెండి. వియ్యంకుడుగారికి చూపించి మరీ తెండి.”

ఇప్పుడు రోజూ పొద్దున ఒక్కో మణికట్టుకి ఒక్కోటి చల్లుకుని, దేవుడి పటం ముందు చేతులు జోడిస్తుంది. దండం మునుపటికన్నా ఎక్కువసేపే సాగుతోంది. దేవుడు కూడా పటంలోంచి కాస్త ముందుకు వంగుతున్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఉంటుంది కాబట్టి ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.