పద్దెనిమిదో తప్పు

మామయ్యగారికి ఈ లోకంలో ఎవరి మీదా కోపం లేదు, రెడీమేడ్ రైలింజన్లు తయారుచేసే కంపెనీల మీద తప్ప. పొద్దున్నే జనాన్ని ఆఫీసులకు మోసుకెళ్ళి, సాయంత్రం తెచ్చి దించే లోకల్ రైళ్ళ ఇంజన్లు ఉంటాయి చూడండి, వాటినే అరచేతిలో పట్టేంత చిన్నవిగా చేసి డబ్బాల్లో పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్ళు పట్టాల మీద తిప్పుకుని ముచ్చటపడతారు. మామయ్యగారు మాత్రం డబ్బా విప్పగానే కంటికి భూతద్దం తగిలించుకుని తప్పులు వెతుకుతారు. తప్పు దొరక్కపోతే ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. దొరకని పూట ఇంతవరకూ రాలేదు కాబట్టి ఆరోగ్యం దివ్యంగా ఉంది.

ఆయన నలభై ఏళ్ళు కళ్ళజోళ్ళ షాపు నడిపారు. షాపు మూసేశారు గానీ భూతద్దాన్ని మాత్రం వదల్లేదు. చుట్టుపక్కల వాళ్ళకు ఆయన అసలు పేరు గుర్తులేదు, భూతద్దంగారు అంటే చాలు, ఇల్లు చూపిస్తారు.

కోడలు కాపురానికి వచ్చిన మూడో రోజునే పరీక్ష పెట్టారు. ఒక ఇంజన్ చేతిలో పెట్టి ఇందులో తప్పేమిటో చెప్పమన్నారు. పాపం, పెద్దాయన సంతోషిస్తారు కదా అని ఆమె, అచ్చం నిజం ఇంజన్‌లాగే ఉంది మామయ్యగారూ, అంది. అంతే, రెండు రోజులు ఆయన నోరు మెదపలేదు. చివరికి భర్త గుట్టు విప్పాడు. ఏ ఇంజన్ చూపించినా మొహం చిట్లించి, హారన్ల సంగతేమిటి, అని అడిగితే చాలట. హారన్లు ఏ కంపెనీ వాడూ సరైన చోట పెట్టి చావడట. ఆమె అలాగే అడిగింది. మామయ్యగారి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి కోడలు దొరకడం ఎన్ని జన్మల పుణ్యమో అని పక్కింటావిడతో చెప్పుకున్నారు.

కంపెనీలకు ఆయన ఉత్తరాలు రాస్తారు. డ్రైవరు ఎక్కేచోట మెట్లు మూడైతే మీరు రెండే పెట్టారు, మీ డ్రైవరు ఎగిరి ఎక్కుతాడా, అని నిలదీస్తారు. ఒకసారి ఒక కంపెనీ, మీ అభిమానానికి కృతజ్ఞతలు అంటూ రంగురంగుల కేటలాగు పంపింది. దాన్లో ఉన్న బొమ్మలన్నిటినీ ఎర్ర సిరాతో దిద్ది, మార్కులు వేసి తిప్పి పంపారు. ఆ కంపెనీ మళ్ళీ కిక్కురుమనలేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చే కోడల్ని తీసుకురావడానికని స్టేషన్‌కి వెళ్తారు. అలాగని ఆయనే చెబుతారు. నిజానికి ఆమె రైలు దిగి, ఆయన పక్కనుంచే నడిచి ఇల్లు చేరి, టీ తాగి, కప్పు కడిగేసిన రోజులున్నాయి. ఇంజన్ ఆగేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో రోజుకో పక్క చొప్పున రివెట్లు, గాలికిటికీలు, మెట్లు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ఇరవై ఆరేళ్ళుగా అదే ఇంజన్ నడుపుతున్న డ్రైవరు తల బయటపెట్టి, అన్నీ ఉన్నాయా సార్, అని అడుగుతాడు. ఉన్నాయి, పోనివ్వండి, అని ఈయన చెయ్యి ఊపుతారు. కొత్తగా వచ్చిన ప్రయాణికులు ఈయనెవరో రైల్వేలో పెద్ద ఆఫీసరనుకుని నమస్కారాలు పెడుతుంటారు.

ఆ డ్రైవరు రిటైరవుతున్నాడు. శనివారం సాయంత్రం ఆఖరి రైలు. రోజూ కలిసి ప్రయాణం చేసేవాళ్ళంతా ఆయన నడిపిన ఇంజన్ నమూనానే కానుకగా ఇద్దామనుకున్నారు. తెప్పించే బాధ్యత కోడలి నెత్తిన పడింది. ఇంట్లో అంత నిపుణుణ్ణి పెట్టుకుని మీరు కాక ఇంకెవరండీ, అన్నారు. ఆ నిపుణుడి కంట పడకుండా దాచడం ఎలాగన్నదే ఆమె బెంగ. కంట పడిందంటే కానుక కాస్తా తప్పుల పట్టీ అవుతుంది.

బాగా ఆలోచించి, ఎవరికీ తట్టని ఉపాయం పన్నింది. ఆయన అలమారలోనే, ఆయన ఇంజన్ల వెనక వరసలో దాచింది. నలభై మూడు ఇంజన్లలో ఇదెక్కడ తెలుస్తుందిలే అనుకుని, తన తెలివికి తనే మురిసిపోయింది. పది నిమిషాల్లో మామయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, మనకి ఒకటి ఎక్కువైంది."

ఇక చెప్పేదేముంది. భోజనాల బల్ల మీద దీపం పెట్టుకుని తప్పులు పట్టడం మొదలుపెట్టారు. హారన్లు సరే సరి. మూడో మెట్టు లేదు. వైపర్లు రెండున్నాయి, అసలు ఇంజన్‌కి ఒకటే. అలా పదిహేడు లెక్క తేలాయి. ఎవరు చూస్తారు మామయ్యగారూ, వదిలేయండి, అని ఆమె బతిమాలింది.

"ఆయన చూస్తాడమ్మా. ఇరవై ఆరేళ్ళు ఒక ఇంజన్ నడిపిన మనిషికి ఇంకెవరిదో ఇంజన్ ఇచ్చి పంపిస్తామా?"

ఆయన అక్కడితో ఆగలేదు. నోట్‌బుక్ తిరగేసి, పద్దెనిమిదోది కూడా ఉంది, అసలు ఇంజన్‌కి ముందు ఎడమ మూలన ఉన్న సొట్ట దీనికి లేదు, అన్నారు.

ఆ సొట్ట సంగతి రైలెక్కే వాళ్ళందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. తొమ్మిదేళ్ళ కిందట పొగమంచు కమ్మిన ఒక ఉదయం రైలు ఆగాల్సిన చోట ఆగక, పట్టాల చివరనున్న అడ్డుదిమ్మెకు కొట్టుకుంది. ఎవరికీ గీత కూడా పడలేదు. తప్పు బ్రేకులదేనని విచారణలో తేల్చారు. అయినా డ్రైవరుకు అది ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఇంజన్ ఎక్కేటప్పుడు ఆ మూల చూడాల్సి వస్తుందని వెనకనుంచి చుట్టు తిరిగి వస్తాడు. ఆఖరి రోజున అదే సొట్ట ఆయన చేతిలో పెడతారా అని కోడలికి ఏడుపొచ్చింది. అదొక్కటీ వద్దు మామయ్యగారూ, అంది. ఆయన అప్పటికే పట్టకారుతో హారన్ పీకుతున్నారు. విన్నారో, విననట్టు ఊరుకున్నారో తెలియలేదు.

మూడు రోజులు బల్లంతా తీగముక్కలు, రంగు సీసాలు. కొడుకు కంచం చేత్తో పట్టుకుని నిలబడి తిన్నాడు. శనివారం కోడలు డబ్బా అడిగితే, నేనే తెస్తానన్నారు తప్ప మూత తెరిచి చూపించలేదు.

స్టేషన్లో రైలు ఆగింది, అందరూ ఇంజన్ దగ్గర మూగారు. మామయ్యగారు డబ్బా ఇస్తూ కంపెనీ వాళ్ళ అజ్ఞానం గురించి ప్రసంగం అందుకున్నారు. ఆరో తప్పు దగ్గరే జనం వాచీలు చూసుకోసాగారు. డ్రైవరు మాత్రం ఒక్కొక్కటే తడిమి చూస్తున్నాడు. మూడో మెట్టు చూసి నవ్వాడు. వైపర్ చూసి, ఇదీ కనిపెట్టారా, అన్నాడు. తర్వాత ఆయన బొటనవేలు ముందు ఎడమ మూల దగ్గరకు వెళ్ళి ఆగిపోయింది. ఆ మూల నున్నగా ఉంది.

డ్రైవరు ఆ మూలను మామయ్యగారి వైపు తిప్పాడు.

"ఇక్కడ సొట్ట ఉండాలి సార్. మీరు మర్చిపోయే మనిషి కాదే."

మామయ్యగారు ప్రసంగం ఆపారు. మెల్లగా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ జోడు లేకపోతే ఆయనకు తన చెయ్యే ఆనదు. అలాగే వంగి, పక్కనే నిలబడి ఉన్న నిజం ఇంజన్ ముందు మూలకు మొహం ఆనించినంత పని చేసి, చాలాసేపు చూశారు.

"ఎక్కడండీ? నాకైతే ఏమీ కనబడటం లేదు."

డ్రైవరు, మామయ్యగారి జేబులోంచి కొస తేలిన ఆ కళ్ళజోడును చూశాడు, ఈయన మొహం చూశాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఇంజన్ ముందువైపు నుంచి నడిచి, ఆ మూల మీద చెయ్యి వేసి పైకెక్కాడు. ఎక్కాక పెద్దగా నవ్వాడు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ కోడలు అడగాలని తహతహలాడింది. మలుపు తిరిగాక ఇక ఆగలేక, నిజంగా కనబడలేదా మామయ్యగారూ, అని అడిగేసింది.

"కనబడకపోవడమేమిటి? పొడవు జానెడు, లోతు రెండు వేళ్ళు."

మరెందుకు పెట్టలేదని అడిగింది. ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు.

"ఇన్నేళ్ళకి కంపెనీవాడు ఒక్కచోట సరిగ్గా చేశాడమ్మా. దాన్ని నేనెందుకు చెడగొట్టాలి?"