కొంగ రాశిలో నాలుగోది

మా ఆవిడ జోసఫిన్ ఆక్లాండ్‌లో నర్సు. మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటికి వచ్చినవాళ్ళను ఎవరినైనా అడగండి, ఆవిడ బిరియానీ గురించి చెప్తారు. ఆకాశానికి ఫోటోలు తీస్తుందని మాత్రం ఒక్కరూ చెప్పరు. అందుకే నేను చెప్తున్నాను. మొగుడే పొగుడుతున్నాడని నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం!

ఆవిడకో అలవాటుంది. చర్చిలో గ్రూపు ఫోటో తీసేటప్పుడు, వంటగదిలో గిన్నెలు కడిగేవాళ్ళు కూడా చేతులు తుడుచుకుని వచ్చేదాకా బటన్ నొక్కదు. పాస్టరుగారు ఎండలో మాడిపోతున్నా సరే, ఆగాల్సిందే.

2006 అక్టోబరులో ఇక్కడి ఖగోళ క్లబ్బువాళ్ళు ఫోటోల పోటీ పెట్టారు. జోసఫిన్ కొంగ రాశి అనే నక్షత్రాల గుంపు వైపు కనిపించే నాలుగు గెలాక్సీలను ఎంచుకుంది. అవి ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయట. మూడు పక్కపక్కనే ఉంటాయి, నాలుగోది దూరంగా ఉంటుంది. మా టెలిస్కోపుకు కెమెరా బిగిస్తే మూడే పడతాయి. అందరూ ఆ మూడే తీస్తారు, ఈవిడా తీసింది. అవి బాగా మసక. ఎంత ఎక్కువసేపు వెలుగు పడితే ఫోటో అంత నున్నగా వస్తుంది. ఇంకొక్క రాత్రి వాటి మీదే పెడితే బహుమతి మాదేనని నా నమ్మకం.

తీరా చూస్తే వారమంతా వాన. గడువుకు ముందు ఒక్క రాత్రి తెరిపిచ్చింది. బ్యాటరీ నేను మోశాను, మురివాయ్ బీచ్ దగ్గర సామానంతా దించాం. ఈవిడ టెలిస్కోపును పక్కకు తిప్పేసింది.

"అటెందుకు?" అన్నాను.

"నాలుగోదాన్ని తీస్తానండీ. తర్వాత రెండు ఫోటోలూ కలిపేస్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమైనా పిచ్చా? ఉన్న మూడింటినీ బాగుచేసుకోక! ప్రైజు చేజేతులా పోగొట్టుకుంటావు."

"అవన్నీ ఒక కుటుంబమండీ. దూరంగా నిలబడిందని దాన్ని వదిలేసి క్లిక్ కొట్టమంటారా?"

"నీ ఇష్టం, పో!" అని ఫ్లాస్కులో టీ అంతా నేనే తాగేశాను. ఆవిడ పట్టించుకుంటే కదా!

చివరికి నేనన్నట్టే అయింది. ఫోటో గరుకుగా ఉందని బహుమతి ఇవ్వలేదు. కానీ ప్రదర్శన రోజు చూడాలి! గోడ మీద నాలుగూ ఉన్న ఫోటో మాదొక్కటే. జనం అక్కడే ఆగిపోయారు. జడ్జి కూడా రెండోసారి వచ్చి దాని ముందే నిలబడ్డాడు. "తీసింది మా ఆవిడే," అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. ఛాతీ ఎంత ఉబ్బిందో నాకే తెలుసు.

ఇంతలో కారు దారికి అడ్డంగా ఉందని ఎవరో అంటే బయటికి పరిగెత్తాను. అవతల పెట్టి తిరిగొచ్చేసరికి క్లబ్బు సెక్రెటరీ కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా జోసఫిన్, మా అమ్మాయి డెబోరా, జడ్జి. పోనీలే అని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "రెడీ?" అన్నాడాయన.

"ఆగండాగండి!" జోసఫిన్ చెయ్యెత్తి తెలుగులోనే అరిచింది. "మా ఆయన రావాలి!"

హాలు హాలంతా నా వైపు తిరిగింది. నేను పరుగున వెళ్ళి చివర్న నిలబడ్డాను.

ఆ ఫోటో ఇప్పుడు మా హాల్లో, గెలాక్సీల పక్కనే ఉంది. ముగ్గురు దగ్గరదగ్గరగా ఉంటారు. చివర్న కాస్త దూరంగా, ఆయాసపడుతూ నిలబడ్డది నేనే.