రాలిన సంపెంగ

నాయన తిరుపతి దేవుడి పూలతోటలో పనిచేసేవాడు. దేవుడికి పోయే పూలను వాసన చూడకూడదని, కోసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఇంట్లో మేము మల్లెమొగ్గను ముక్కు దగ్గర పెట్టుకున్నా కసురుకునేవాడు.

డెబ్బైల చివర్లో నేను తిరుపతిలోనే వృక్షశాస్త్రం చదివేవాణ్ణి. ఒక ఆదివారం సాయంత్రం ఆయనను మా యూనివర్సిటీ తోటకు తీసుకెళ్లాను. అక్కడ ప్రతి చెట్టుకూ పేరు రాసిన రేకు బిళ్ల ఉండేది. అవన్నీ చదివి వినిపించాలని నా ఉబలాటం. నాయన వాటి వైపు చూడనే లేదు. మందారంలోకి ముక్కు దూర్చి తేనె తాగుతున్న ఒక చిన్న తేనెపిట్టను చూస్తూ నిలబడిపోయాడు.

"ఈడ పూలు ఎవురు కోస్తారు?" అని అడిగాడు.

"ఎవురూ కొయ్యరు నాయనా. చెట్టుమీదనే వాడిపోతాయి."

"కొయ్యకుండా ఎట్ల ఇడిసిపెడతార్రా?" ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

సంపెంగ చెట్టు కింద పూలు రాలి ఉన్నాయి. నేలమీద పడిన పూలు పూజకు పనికిరావని నాకు నేర్పింది ఆయనే. ఒకటి ఏరి ఆయన చేతిలో పెట్టాను.

"దీన్ని ఎవురూ దేవుడికి పెట్టరు. ఇప్పుడన్నా వాసన సూడు నాయనా."

పెద్ద ఉపకారం చేస్తున్నాననుకున్నాను. నాయన తాపీగా వాసన చూసి, పువ్వును చెట్టు మొదట్లో పెట్టేశాడు.

"ఎట్లుండాది?" అన్నాను.

"దినామూ ఉండేట్లే ఉండాది," అన్నాడు. "మొగం తిప్పుకుంటే వాసన రాకుండా పోతాదా?"