నోట్లో గుండుసూదులు

దర్జీ నోట్లో నువ్వుగింజ నానదు గానీ, గుండుసూదులు మాత్రం రోజంతా నానుతూనే ఉంటాయి. వీధిలో కబుర్లన్నీ పెదవులు కదపకుండా వాటి సందుల్లోంచే చెబుతాడు.

కుట్టుమిషన్ పక్కన కూర్చునే అతని ఏడాది కూతురు కూడా మూతి బిగించి "మ్మ్, మ్మ్" అంటుంది.

"నన్నే, అమ్మా అంటోంది!" అని భార్య మురిసిపోయింది.

కొలతలివ్వడానికి వచ్చిన పక్కింటి పిన్ని పకపకా నవ్వింది. "నీ మొహం! అచ్చం మీ ఆయనలా మాట్లాడుతోందే."

దర్జీకి చురుక్కుమంది. సూదులన్నీ తీసి గుడ్డకు గుచ్చి, పాప ముందు కూర్చుని నోరారా "నాన్న" అన్నాడు.

పాప అతని నోటిని వింతగా చూసింది. తరువాత తన పెదవుల మధ్యనుంచి లేని సూదిని రెండు వేళ్లతో తీసి, జాగ్రత్తగా పక్కన పెట్టి, "న్నాన్నా" అంది.