మా మరిది క్రేను దిగిన రోజు

మా మరిదిని వీధిలో అందరూ పైనున్నాయన అంటారు. మేడ మీద బట్టలారేస్తూ తలెత్తితే కనిపిస్తాడు మరి. రెండు వీధుల అవతల కట్టే పెద్ద భవనం పక్కన పసుపు రంగు ఇనప స్తంభం, దాని కొసన అడ్డంగా చాపిన పొడుగాటి చెయ్యి, ఆ చెయ్యి మొదట్లో అగ్గిపెట్టెలా కనిపించే గాజు గది. అందులో మా మరిది కూర్చుని క్రేను నడుపుతాడు. పిల్లలు అల్లరి చేస్తే తల్లులు "పైనున్నాయన చూస్తున్నాడు, జాగ్రత్త" అంటారు. నిజంగానే చూస్తాడు. ఒకసారి ఎదురింటావిడ గోడ మీంచి వంగి మా తీగ పువ్వులన్నీ దూసుకుపోయింది. సాయంత్రం దిగివస్తూ ఆవిడ గుమ్మం ముందు ఆగి, "పిన్నిగారూ, ఎడమవైపు ఇంకో గుత్తి వదిలేశారు" అన్నాడు. ఆవిడ వారం పాటు మేడ ఎక్కలేదు.

మా ఆయన పోయాక నేను మాట్లాడేది తగ్గిపోయింది. మేడ ఎక్కి ఆ క్రేను చూడటమే నాకో కాలక్షేపం. చూసి చూసి మా మరిది చెయ్యి నాకు తెలిసిపోయింది. బరువు నేల విడిచాక వెంటనే పక్కకి తిప్పడు. ఒక్క ఊపిరిసేపు గాలిలో ఆపుతాడు. ఎందుకని అడిగితే నవ్వాడు.

"మా గురువు నేర్పాడు వదినా. లేపగానే లాక్కుపోకూడదు. వస్తావా అని దాన్ని అడగాలి. ఊగకుండా నిలబడిందంటే వస్తానన్నట్టు."

మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఇదే ఆట. గరిటె క్రేను, అన్నం బరువు. మా మరిది కూతురు చిన్నది కుర్చీ ఎక్కి నిలబడి సైగలు చేస్తుంది. వేలు పైకి తిప్పితే గరిటె లేవాలి, కిందికి తిప్పితే దిగాలి. రెండు చేతులూ బార్లా చాపితే ఎక్కడున్నది అక్కడ ఆగిపోవాలి.

"పెద్దమ్మా, నీకో రూలు చెప్పనా? పైకి, కిందికి, పక్కకి అని సిగ్నల్‌మ్యాన్ ఒక్కడే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా నాన్న వినడు. ఆపు అని మాత్రం ఎవరు చెప్పినా ఆపాలి."

"ఎవరు చెప్పినా ఆపాలా?"

"దారిన పోయే దానయ్య చెప్పినా సరే" అన్నాడు మా మరిది. "ముందు ఆపాలి, తరవాతే ఎందుకని అడగాలి. ఆపినవాడికి అడ్డం రాకూడదు, ఆపమన్నవాణ్ణి మాట అనకూడదు. మా పనిలో ఇది వేదం."

అంత సరదా మనిషి ఈ ఏడు ఎండకి వడిలిన తీగలా అయిపోయాడు. ఆ క్రేనుకి ఇద్దరు ఆపరేటర్లు ఉండేవాళ్ళు, పొద్దున ఒకరు, మధ్యాహ్నం నుంచి ఒకరు. రెండోవాడు మానేశాడు. "కొత్తవాడు వచ్చేదాకా కాస్త చూసుకో" అన్నాడు సైటు ఇంచార్జి. ఆ కాస్త సాగీ సాగీ వానలు దాటింది, చలి దాటింది. పైగా భవనం పని వెనకబడిందని ఇంచార్జి రోజంతా ఫోనులో "కానీ, కానీ" అని తరమడం. ఇంటికొచ్చినా ఫోను ఊరుకోదు. ముద్ద నోటిదాకా వచ్చేసరికి మోగుతుంది. తీయకపోతే మళ్ళీ మోగుతుంది.

పడుకుంటాడు గానీ నిద్ర లేదు. కళ్ళు మూసుకున్నా చేతులు మీటలు లాగుతూనే ఉంటాయట. మా తోడికోడలు బట్టల షాపులో పని చేస్తుంది. ఒకరోజు పనికి పోతూ చెప్పింది, "అక్కా, నిన్న నా దుప్పటి పట్టుకుని మెల్లిగా లేపి, తిప్పి, అటువైపు దింపాడు. నేను చలికి వణుకుతుంటే ఆయన మొహంలో ఎంత తృప్తో."

నవ్వాం. నవ్వుతూనే దాని కళ్ళు నిండాయి.

కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడేవాడు. కూతురు అన్నం సైగ చేస్తే "తరవాత ఆడుకుందాం తల్లీ" అని తలొంచుకుని తినేవాడు. అదీ రెండు ముద్దలు. ఒకసారి అరచేత్తో రొమ్ము రుద్దుకోవడం చూశాను.

"ఏమిటది?"

"గ్యాసే వదినా" అని జేబులోంచి ఒక బిళ్ళ తీసి వేసుకున్నాడు.

మా ఆయన కూడా గ్యాసే అన్నారు. మిల్లులో పని తెమలట్లేదని ఒక బిళ్ళ వేసుకుని వెళ్ళారు. మళ్ళీ నడిచి రాలేదు.

"డాక్టరుకి చూపించుకో నాయనా. రెండు రోజులు సెలవు పెట్టు."

"పై దూలం ఎక్కించేస్తే అయిపోతుంది. ఆ ఒక్కటే. తరవాత నువ్వు ఎన్ని రోజులు పడుకోమంటే అన్ని రోజులు పడుకుంటాను."

ఆ దూలం ఎక్కించే రోజు రానే వచ్చింది. మా వీధి వీధంతా మేడలెక్కింది. ఎదురింటావిడ కుర్చీ కూడా తెచ్చుకుంది. చిన్నదానికి ఆ రోజు స్కూలు లేదు. పొద్దున్నించీ దాని కాళ్ళు నేల మీద లేవు. "మా నాన్నే ఎక్కిస్తాడు, మా నాన్నే" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. చివరికి పాలవాడు "తెలుసమ్మా, నువ్వు ఇందాకే చెప్పావు" అన్నాడు.

నేను వంటింట్లోకి పోయి చూస్తే టిఫిన్ క్యారియర్ గట్టు మీదే ఉంది. దాని పక్కనే అతని కళ్ళజోడు, దాని పక్కనే ఇంటి తాళం. చెప్పులు మాత్రం వేసుకుని వెళ్ళాడు, గుమ్మంలో మిగిలినవి చూస్తే రెండూ రెండు జతలవి. క్యారియర్ ఒక చేత్తో, పిల్ల చెయ్యి ఒక చేత్తో పట్టుకుని పరుగులాంటి నడకతో సైటుకి వెళ్ళాను.

గేటు మనిషి మా ఇద్దరికీ హెల్మెట్లు పెట్టి, తాడు కట్టిన చోట నిలబడమన్నాడు. అబ్బ, దగ్గర నించి చూస్తే ఆ క్రేను ఎంతుందో. తల వెనక్కి వాల్చితే హెల్మెట్ జారిపోతోంది. గాజు గదిలో మనిషి ఉన్నట్టు నీడ, అంతే. కింద నారింజ రంగు చొక్కాలో సిగ్నల్‌మ్యాన్. అతని పక్కనే ఇంచార్జి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో గబగబా చెప్తున్నాడు. మొదటి అంతస్తు గోడ మీద తాపీ పనివాళ్ళు ఫోటో తీసుకోవడానికి వరసగా నిలబడ్డారు.

"పెద్దమ్మా, చూడు చూడు, లేస్తోంది."

దూలం లేచింది. నా ఊపిరి దానితో పాటు లేచింది. ఇప్పుడు ఆపుతాడు, ఒక్క ఊపిరిసేపు, అనుకున్నాను.

ఆపలేదు.

నేల విడిచీ విడవగానే పక్కకి తిరిగింది. ఊగుతూ తిరిగింది. అది మా మరిది చెయ్యి కాదు. చెయ్యి అతనిదే, అందులో మనిషి లేడు. దూలం లేస్తూనే సరిగ్గా ఆ గోడ ఎత్తుకి వచ్చి, ఆ ఫోటోవాళ్ళ వైపే పోతోంది. సిగ్నల్‌మ్యాన్ ఇంచార్జి మాట వింటూ అటు తిరిగి ఉన్నాడు.

క్యారియర్ ఎప్పుడు వదిలేశానో తెలియదు. తాడు కింద నించి దూరి ముందుకెళ్ళి రెండు చేతులూ బార్లా చాపాను. చెంగు జారినా సర్దుకోలేదు. నా పక్కకొచ్చి చిన్నది చేతులు చాపింది. మమ్మల్ని చూసి గేటు మనిషి చాపాడు. సిగ్నల్‌మ్యాన్ వెనక్కి తిరిగి, ఎందుకని కూడా అడగకుండా, చాపాడు. ఇటుకలు మోసే ఆడవాళ్ళు గంపలు దించి చాపారు. ఒక్కరు నోరెత్తలేదు. ఆ ఆవరణంతా రెక్కలు విప్పిన పక్షుల్లా నిలబడిపోయాం.

దూలం ఆగింది.

గోడకి బారెడు దూరంలో, గాలిలో, ఊగి ఊగి నిలబడింది. తాపీ పనివాళ్ళు ఒక్కొక్కరూ మెల్లిగా గోడ దిగారు. అప్పుడు సిగ్నల్‌మ్యాన్ వేలు తిప్పితే, దూలం పసిపిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు నేలకి దిగింది. అప్పుడు చూశాను, ఆ చెయ్యి మళ్ళీ మా మరిదిది.

ఇంచార్జి నా దగ్గరికి వచ్చాడు. "ఎవరమ్మా మీరు? ఎవరు ఆపమన్నారు?"

"ఆ పైన ఉన్నవాడి వదినని బాబూ. వాడు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో మీకు తెలుసా?"

అతను గోడ వైపు చూశాడు. అతని కళ్ళూ ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. జేబులోంచి బిళ్ళల అట్ట తీసి ఒకటి నోట్లో వేసుకున్నాడు. గుర్తుపట్టాను. మా మరిది వేసుకునేవే.

"నేనూ పడుకుని చాలా రోజులైందమ్మా" అన్నాడు. "పైవాళ్ళు నన్ను తరుముతారు, నేను వీళ్ళని తరుముతాను." అని అక్కడే ఇటుకల మీద కూర్చుండిపోయాడు.

మా మరిది మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు. కూతుర్ని గట్టిగా హత్తుకున్నాడు.

"కళ్ళు తెరిచే ఉన్నాయి వదినా. ఏమీ కనిపించలేదు. చేతులు చాపి అందరూ కనిపించారు. భోజనాల దగ్గర ఉన్నాననుకున్నాను."

"ఉన్నావులే. పద, తిందువు గాని" అన్నాను. క్యారియర్ దొర్లినా మూత ఊడలేదు.

రెండు ముద్దలు తిన్నాడు. మూడోది చేతిలో ఉండగానే పనివాళ్ళ షెడ్డులో సిమెంటు బస్తాల మీద ఒరిగి నిద్రపోయాడు. పట్టపగలు, గుర్రు పెట్టి మరీ. చేతులు కదల్లేదు. పక్కన కాంక్రీటు కలిపే యంత్రం వేయబోతే ఇంచార్జే లేచి వచ్చి రెండు చేతులూ బార్లా చాపాడు. యంత్రం ఆగింది. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

దూలం ఆ రోజు ఎక్కలేదు. ఇంచార్జి పైవాళ్ళతో ఏం మాట్లాడాడో గానీ రెండో ఆపరేటరు వచ్చాడు. అతను వచ్చేదాకా క్రేను కదలలేదు. డాక్టరు మా మరిదిని పరీక్ష చేసి, గుండె బాగానే ఉంది, రక్తపోటు మాత్రం ఎక్కువైంది, నిద్రే మందు అన్నాడు. ఇప్పుడు భోజనాల వేళ ఫోను మోగితే చిన్నది కుర్చీ ఎక్కి చేతులు చాపుతుంది. మా మరిది తీయబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. రూలు రూలే మరి.

దూలం ఎక్కిన రోజు నేను సైటుకి పోలేదు. మేడ మీద, తడి బట్టలు భుజాన వేసుకుని చూశాను. దూలం నేల విడిచింది. గాలిలో నిలబడింది. వస్తావా అని అడుగుతున్నాడన్నమాట. ఎదురింటావిడ తన మేడ మీంచి, "ఏమిటండీ, ఆగిపోయింది?" అని కంగారుగా అరిచింది.

"ఆగితేనే వస్తుందండీ" అన్నాను.

అంత గట్టిగా మాట్లాడి నాకు చాలా కాలమైంది.