మంచాల రోడ్డు మీద వాడి నడక

“నడుము తిప్పుకుంట నడుచుడు గూడ ఒక ఆటనా? నిన్ను జూసి నలుగురు నవ్వుతున్నరు.”

“నవ్వనీ నానమ్మా. నవ్వేటోళ్లను జర నా ఎంబడి నడువుమను, మలుపు దాక గూడ రారు.”

“అంత తొందరుంటే ఉరుకరాదు?”

“ఉరికితే పోటీల నుంచి తీసేస్తరు. ఒక కాలు లేవకముందే ఇంకో కాలు భూమికి తాకాలె. ముందుకేసిన మోకాలు వంగొద్దు. గట్ల నడిస్తే నడుము ఊగుతది, నేనేం జేయాలె?”

“బంద్ వెట్టు.”

“నువ్వు కరెంటు మిగిలిచ్చెతందుకు వీధిలైటు కింద కూరగాయలు కోసుడు బంద్ వెట్టు. నేను గిది బంద్ వెడ్త.”

ఆ మాటకు నాకు నవ్వు రావాలి. రాలేదు.

ఇది నాకూ నా మనవడికీ జరిగిన గొడవ. వాడప్పుడు ఇబ్రహీంపట్నంలో డిగ్రీ చదువుతూ నా దగ్గర ఉండేవాడు. కొడుకూ కోడలూ మన్నెగూడలో కిరాణా దుకాణం చూసుకునేవారు. ఆ గొడవ మర్నాడు నేను చేసిన పని ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మూడో తరగతితో ఆగిన చదువు నాది, అక్షరాలు వంకర పోతాయి. అయినా మీకు చెబుతాను. అన్ని దేశాల కాలేజీ పిల్లలు కలిసే పోటీల్లో, వేగంగా నడిచే పందేనికి నా మనవడు పోవలసింది. పోకుండా చేసింది నేను.

ఎందుకు చేశాను? సిగ్గని చెప్పుకునేదాన్ని. బస్టాండు దగ్గర పూలమ్మే ఆమె ఒకసారి, “అక్కా, నీ మనుమని నడక జర జూసుకో” అంది. కాళ్ల నడకా, గుణమా? రెండూ అనుకొని ఇంటికొచ్చి వాడి మీద పడ్డాను. కానీ సిగ్గొక్కటేనా? వాడు విమానమెక్కి, ఆ ఊళ్లు చూసి, ఆ మెచ్చుకోళ్లు విన్నాక మళ్లీ ఈ ఇంట్లో నా ఎదురుగా కూర్చుని తింటాడా అనే భయం లేదా? ఉంది. ఆ భయానికే సిగ్గు అని పేరు పెట్టుకున్నాను.

వాడు తన పేరు రాలేదనే అనుకున్నాడు. పౌరుషం కొద్దీ ఎవరినీ అడగలేదు. కొన్నాళ్లకు నిజంగానే మానేశాడు.

ఇప్పుడు ప్లాట్లు అమ్మే ఆఫీసులో పనిచేస్తాడు. సందు చివర పాలపాకెట్టుకు కూడా బండి మీదే పోతాడు. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు నా కళ్లు వాడి కాళ్ల మీదే ఉంటాయి. అందరిలాగే నడుస్తాడు. తెల్లవారి మంచాల ఊరి బస్సు పోయాక రోడ్డు ఖాళీ అవుతుంది. అప్పుడు పోయి గేటు దగ్గర నిలబడతాను. ఆ మలుపులోంచే వచ్చేవాడు, మడమ ముందు ఆనించి, మోచేతులు ఊపుతూ, నడుము అటూ ఇటూ పోనిస్తూ, నేలను వదలకుండానే ఎగిరిపోతున్నట్టు. అంత అందమైన నడక నేను మళ్లీ చూడలేదు. అది అప్పుడెందుకు కనబడలేదు నాకు? ఒక్కసారి, ఈ సందు చివరి దాకా నడిచి చూపమని అడగాలని నోటిదాకా వస్తుంది. ఏ మొహంతో అడగను?

వాడికి చెప్పే ధైర్యం ఇంకా లేదు. మీకు చెప్పినంత మాత్రాన తప్పు మాసిపోదని తెలుసు. ఊపిరి మాత్రం కాస్త లోపలికి పోతోంది.

ఆ రోజుల్లో, పోటీకి ఎంపికైనవాళ్లలో ఎవరైనా ఆగిపోతే ఫోన్ చేస్తామని వాడికి చెప్పారు. వాడి ఫోన్ పగిలి ఉంది, కొత్తది దండగని నేనే కొననివ్వలేదు. అందుకని నా నంబరు ఇచ్చాడు.

ఆ గొడవ మర్నాడు పొద్దున వాడు రోడ్డు మీద ఉండగా ఫోన్ మోగింది. కోచ్ సారు. “అమ్మా, ఒక పిలగానికి కాలు బెణికింది. మీ మనుమడు పోవాలె. పాస్‌పోర్టు తీస్కొని ఇయ్యాల్నే రమ్మను.”

“రాడు సారూ. నడుచుడు బంద్ వెట్టిండు.”

 ఆయన ఫోన్ పెట్టేశాడు.

వాడు చెమటతో వచ్చాడు. “ఫోనొచ్చిందా నానమ్మా?”

“రాలే.”

బూట్లు విప్పకుండానే ఫోన్ పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు.